మన ఊళ్ల పేర్లున్న రాళ్లు

పట్టిసీమ రేవులో పడవ ఎక్కితే ఎదురుగా కొండ ఒక్కటే కనిపిస్తుంది. చుట్టూ గోదావరి, మధ్యలో ఇసుక తిన్నెలు, వాటి నడుమ దేవకూట పర్వతం, దాని మీద వీరేశ్వరస్వామి గుడి. దక్షయజ్ఞం ధ్వంసం చేసిన వీరభద్రుడు తన ఆయుధం పట్టిసాన్ని ఇక్కడ కడుక్కున్నాడనీ, అందుకే ఈ ఊరికి ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. శివరాత్రికి ఈ తిన్నెల మీద జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు. మేము వెళ్లింది అలాంటి రోజున కాదు. కార్తీకం దాటిన ఒక మామూలు ఉదయం. పడవలో పదిమందిమి కూడా లేము. నీళ్లు నున్నగా, అద్దంలా ఉన్నాయి. తిన్నగా పోతున్న పడవను సరంగు ఉన్నట్టుండి ఎడమకు తిప్పి, పెద్ద వంపు తీసుకుని మళ్లీ దారిలో పెట్టాడు. ఎదురుగా ఏమీ లేదే, ఎందుకు తిప్పావయ్యా అని అడిగాం.

‘‘అక్కడ రాయుందండి. ఎండాకాలం తేలుతాదండి. ఇప్పుడు కనపడదు.’’

‘‘కనపడకపోతే ఎలా తెలిసింది?’’

‘‘మా నాన్న చూపించాడండి.’’

అంతే చెప్పి అతను తన పనిలో పడ్డాడు. మాకు మాత్రం ఆ మాట రోజంతా వెంట వచ్చింది. కంటికి కనిపించని రాయి ఎక్కడుందో తండ్రి కొడుకుకు చూపించాడు. ఆ తండ్రికి ఆయన తండ్రి చూపించి ఉంటాడు. కాగితం మీద లేని పటం ఒకటి ఆ రేవులో మనిషి నుంచి మనిషికి అందుతూ వస్తోంది. పిల్లవాడు చదువుకుని హైదరాబాదు వెళ్లిపోతే అక్కడితో ఆగిపోతుంది. నేల లోపల ఏముందో తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పడం, చెప్పినదాన్ని నలుగురికీ అందేచోట భద్రంగా ఉంచడం అన్న పని ఎంత పెద్దదో ఆ పడవ వంపులో అర్థమైంది. దేశాలు భూగర్భ పటాలు గీయించుకునేదీ, వాటిని ఒక్కటిగా కలిపి ఇంటర్నెట్‌లో పెడుతున్నదీ ఈ పని కోసమే.

పట్టిసీమ దగ్గర గోదావరికి ఇరుపక్కలా ఉన్నవి తూర్పు కనుమల కొండలు. పాపికొండల ఇరుకులోంచి బయటపడిన నది ఇక్కడే మొదటిసారి ఊపిరి పీల్చుకుని వెడల్పు అవుతుంది. ఈ కొండల్లో ముఖ్యమైన రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖొండలైట్ అంటారు. 1902లో టి.ఎల్. వాకర్ అనే శాస్త్రవేత్త, తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరు మీదుగా ఆ పేరు పెట్టాడు. మన కొండజాతి పేరు ప్రపంచంలోని ప్రతి రాతి నిఘంటువులోకీ ఎక్కింది. ఆ రాయి వందకోట్ల ఏళ్ల నాటిది. ఆ రాయిలో ఎర్రటి గార్నెట్ గింజలుంటాయి. కొండ అరిగి, వాన కడిగి, నది మోసుకుపోతే ఆ గింజలే సముద్రపు ఒడ్డున ఇసుకలో తేలుతాయి. అంతర్వేది దగ్గర తడి ఇసుక గుప్పెట్లోకి తీసుకుని ఎండలో చూడండి. నల్ల రేణువుల నడుమ ఎర్రగా మెరిసే చుక్కలు కనిపిస్తే, అవి ఈ కొండల వైపు నుంచి వచ్చినవే.

ఈ సంగతులన్నీ ఎవరో నడిచి, చూసి, రాసి పెడితేనే మనకు తెలిశాయి. మన ప్రాంతంలో ఆ నడకకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. దేశాన్ని కొలిచే మహా త్రికోణమితి సర్వేకు నాయకుడైన లాంబ్టన్ వెంట హెన్రీ వాయిసీ అనే వైద్యుడు ఉండేవాడు. జ్వరాలకు మందులివ్వడం ఆయన ఉద్యోగం, రాళ్లు చూడటం ఆయన ఇష్టం. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో సర్వే అధికారి జార్జ్ ఎవరెస్టుతో కలిసి తిరిగినప్పుడు మందులిచ్చేవాడూ మంచం పట్టాడు, కొలిచేవాడూ మంచం పట్టాడు. అయినా వాయిసీ హైదరాబాదు పరిసరాల రాళ్ల మీద రాసినవాటిని ఈ దేశంలో భూగర్భ శాస్త్రానికి తొలి పుటలని ఇప్పటికీ గౌరవంగా చెబుతారు. 1835లో పాస్కల్ బెంజా అనే మరో వైద్యుడు ఉత్తర సర్కారుల మీదుగా ప్రయాణిస్తూ, పంగిడి దగ్గర నల్లరాయి నడుమ సున్నపురాతిలో గుల్లలు, శంఖాలు చూసి ఆశ్చర్యపోయాడు. సముద్రం కనుచూపు మేరలో లేదు. మరి గుల్లలు ఎక్కడివి? ఆ ప్రశ్న నూటడెబ్బై ఏళ్లపాటు శాస్త్రవేత్తలను ఆ ఊరికి రప్పిస్తూనే ఉంది.

1851లో థామస్ ఓల్డ్‌హామ్ సారథ్యంలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ మొదలైంది. జీఎస్‌ఐ అని మనం పిలుస్తున్నది దాన్నే. ఆ సంస్థ ఉద్యోగి విలియం కింగ్ గోదావరి లోయను కాలినడకన, ఎడ్లబండ్ల మీద తిరిగాడు. ఇల్లెందు వైపు సింగరేణి బొగ్గును గుర్తించి ప్రభుత్వానికి చెప్పింది ఆయనే. కోస్తా గోదావరి జిల్లా రాళ్ల మీద ఆయన గ్రంథం 1880లో, ప్రాణహిత గోదావరి లోయ మీద మరొకటి 1881లో అచ్చయ్యాయి. అప్పట్లో ఈ లోయ ఎందరి ఏలుబడిలో ఉందో చూడండి. పాల్వంచ వైపు నిజాంది. కింది గోదావరి మద్రాసు ప్రభుత్వానిది. భద్రాచలం తాలూకా 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండి, ఆ ఏడే గోదావరి జిల్లాలో కలిసింది. ముగ్గురు ప్రభువుల నేల మీద రాయి ఒక్కటే. కింగ్ ఆ రాయిని అనుసరించి నడిచాడు గనక ఆయన పటం ఏ సరిహద్దు దగ్గరా ఆగలేదు. ఆ తరవాత కూడా ఇక్కడి గీతలు మారుతూనే ఉన్నాయి. 2014లో ఖమ్మం నుంచి కొన్ని మండలాలు గోదావరి జిల్లాల్లోకి వచ్చాయి. 2022లో జిల్లాలు చీలాయి. కొండ మాత్రం ఉన్నచోటే ఉంది.

కింగ్ చేసిన పనిలో మా మనసుకు మరీ దగ్గరైనది ఒకటుంది. ప్రతి రాతి పొరకూ ఒక పేరు కావాలి. ఆ పొర ఏ ఊరి దగ్గర బాగా కనిపించిందో ఆ ఊరి పేరే దానికి పెట్టడం ఆనవాయితీ. నూజివీడు దగ్గర గొల్లపల్లి. దాని పేర గొల్లపల్లి ఇసుకరాయి. చింతలపూడి దగ్గర రాఘవాపురం. దాని పేర రాఘవాపురం షేల్, అంటే పలకలు పలకలుగా ఊడివచ్చే మట్టిరాయి. ఆ పైన తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి ఏడుకొండల తిరుపతి కాదు, మన చిన్న తిరుపతి, ద్వారకా తిరుమల. దాని పైన నల్లరాయి పొర. అది రాజమండ్రి ట్రాప్. ఆపైన రాజమండ్రి ఇసుకరాయి. చినవెంకన్న దర్శనానికి వెళ్లే లక్షల మందిలో, ఆ కొండ పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఒక యుగపు పొరగా నిలిచిందని ఎందరికి తెలుసు?

వందేళ్ల తరవాత చమురు కోసం ఓఎన్‌జీసీ గోదావరి డెల్టాలో బావులు తవ్వినప్పుడు ఈ పేర్లు మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. చింతలపూడి మెట్ట మీద పైకి కనిపించే రాఘవాపురం పొర, డెల్టా కింద ఎంతో లోతున మళ్లీ తగిలింది. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసుకు పుట్టిల్లుగా శాస్త్రవేత్తలు చెప్పుకునే పొరల్లో అదొకటి. కొత్తగా దొరికిన పొరలకు కొత్త పేర్లు కావాల్సి వచ్చాయి. అవీ మన ఊళ్లే. మండపేట ఇసుకరాయి. రాజోలు ఫార్మేషన్. పాలకొల్లు షేల్. పాశర్లపూడి ఫార్మేషన్. భీమనపల్లి సున్నపురాయి. మత్స్యపురి ఇసుకరాయి. నర్సాపురం బంకరాయి. ఎక్కడో హ్యూస్టన్‌లోనో అబర్డీన్‌లోనో ఏసీ గదిలో కూర్చున్న ఇంజినీరు కంప్యూటరు తెర మీద మత్స్యపురి అన్న మాటను వంకరటింకరగా పలుకుతూ ఉంటాడు. మత్స్యపురిలో చెరువు గట్టు మీద రొయ్యలకు మేత చల్లుతున్న రైతుకు, తన ఊరి పేరు ఒక రాతికి ఉందని చెప్పినవాళ్లు లేరు.

ఇది మమ్మల్ని నిజంగా బాధించే విషయం. పేరు మనది, నేల మనది, సమాచారం మాత్రం మనకు చేరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లకు వెలుగు కనిపించేది. బ్లోఅవుట్ అన్న మాటను కోనసీమ జనం ఆ మంటలో నేర్చుకున్నారు. కాళ్ల కింద ఏముందో మంటలు లేచాక తెలుసుకునే గతి ఏ ఊరికీ రాకూడదు.

ఇక ఈ పటాలను ఒక్కటిగా కలపడంలో ఉన్న కష్టం చెప్పాలి. దేశాన్ని చిన్న చిన్న షీట్లుగా విభజించి, ఒక్కో షీటును ఒక్కో శాస్త్రవేత్త సుత్తి, దిక్సూచి, భూతద్దం పట్టుకుని నడిచి గీశారు. 1:50,000 స్కేలు అంటే పటం మీద సెంటీమీటరుకు నేల మీద అర కిలోమీటరు. వాగులో రాయి ఎటు వాలిందో, ఎంత వాలిందో కొలిచి, చిన్న గీత పెట్టి, పక్కన అంకె వేస్తారు. ఒక షీటు 1960లో అయితే పక్క షీటు 1985లో. ఒకాయన చార్నకైట్ అన్న రాయిని పక్కాయన నీస్ అన్నాడు. ఒకరు గులాబి రంగు వేస్తే ఇంకొకరు ఊదా వేశారు. రెండు షీట్లు పక్కపక్కన పెడితే, రాతి పొర సరిగ్గా కాగితం అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది. నేల మీద అలాంటి చీలిక ఏదీ లేదు. మనుషుల మాట కలవకపోవడం వల్ల వచ్చిన చీలిక అది.

రాజమహేంద్రవరానికి ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశ రేఖ ఆ ఊరి మీదుగా పోతుంది. సర్వే షీట్లలో 65జి ఆ గీత దగ్గర ముగిసి, 65హెచ్ మొదలవుతుంది. పట్టిసీమ, పోలవరం పై షీటులో. ధవళేశ్వరం కింది షీటులో. కాటన్ ఆనకట్టను, దాని పైన నదిని ఒక్క చూపులో చూడాలంటే రెండు కాగితాలు బల్ల మీద పరిచి అంచులు కలపాలి. అదైనా కాగితాలు దొరికితే. సముద్ర తీరం నుంచి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాల టోపో షీట్లకు చాలాకాలం ఆంక్షలుండేవి. డెల్టా దాదాపు అంతా ఆ లోపలే. తన సొంత ఊరి పటం చూడటానికి భూగర్భ శాస్త్రం చదివే మన విద్యార్థి అర్జీలు పెట్టుకుని, ముద్రలు వేయించుకుని, ఉపయోగించాక తిరిగి అప్పజెప్పే రోజులు అవి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద నిబంధనలను సడలించింది. 2022లో జాతీయ భూప్రాదేశిక విధానం వచ్చింది. ఇవి చిన్న మార్పులు కావు.

కలిపి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి గౌరీపట్నం నల్లరాయి చాలు. దేవరపల్లి, పంగిడి, గౌరీపట్నం క్వారీలు ఎరుగనివాళ్లు గోదావరి జిల్లాల్లో ఉండరు. రోడ్డుకైనా, రైలు పట్టాల కిందికైనా, స్లాబుకైనా కంకర అక్కడిదే. క్రషర్ల దుమ్ముకు దారి పక్క చెట్ల ఆకులు బూడిదరంగులో ఉంటాయి. ఆ రాయి చల్లారిన లావా. అది ఇక్కడే ఏదో నెర్రెలోంచి పైకి వచ్చిందా, ఎక్కడి నుంచైనా పారి వచ్చిందా అన్నది చాలాకాలం తేలలేదు. దాని రసాయన గుణాన్ని, వయసును, చల్లారినప్పుడు అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశను పశ్చిమ కనుమల్లోని మహాబలేశ్వరం వైపు రాళ్లతో పోల్చి చూస్తే రెండూ సరిపోయాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమాన పెల్లుబికిన లావా, దాదాపు వెయ్యి కిలోమీటర్లు నేల వాలు వెంట పారి, ఇవాళ గౌరీపట్నం ఉన్నచోట సముద్రం అంచును తాకి ఆగింది. భూమి మీద అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనా అని స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు 2008లో ఒక పరిశోధన పత్రానికి ఏకంగా ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టారు. అదే ఏడాది గెర్టా కెల్లర్ బృందం, లావా పొరల నడుమ చిక్కుకున్న సున్నపురాతిలో సూక్ష్మజీవుల అవశేషాలు చదివి, రాక్షసబల్లులు అంతరించిన కాలానికీ ఈ లావాకూ ఉన్న దగ్గరితనాన్ని చూపించింది. బెంజా చూసిన గుల్లలకు జవాబు చివరికి ఆ క్వారీల్లోనే దొరికింది. అదే లావా రాజోలు కింద ఎంతో లోతున ఉంది. పడమట మహాబలేశ్వరం, నడుమ గౌరీపట్నం, తూర్పున రాజోలు. మూడింటినీ ఒకే పటం మీద చూసినవాడికే ఇది ఒక్క కథ అని తెలుస్తుంది. గోదావరి కూడా ఆ పడమటి నల్లరాళ్లలోనే, త్రయంబకం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి, లావా పోయిన వైపే వచ్చింది.

ప్రపంచం కూడా ఇదే మాట అనుకుంది. 2007లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో వివిధ దేశాల భూగర్భ సంస్థలు సమావేశమై వన్‌జియాలజీ అనే పనికి పూనుకున్నాయి. ఎవరి దేశపు పటం వారి దగ్గరే ఉంటుంది, అందరి పటాలూ ఒకేచోట కనిపిస్తాయి, రాళ్లను అందరూ ఒకే పద్ధతిలో వర్ణిస్తారు అన్నది దాని సారం. మరుసటి ఏడు ఓస్లో మహాసభలో లోకానికి చూపించారు. బ్రిటన్ సంస్థ 2009 చివర తన 1:50,000 పటాలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా తెరిచింది. 1815లో దేశమంతటికీ తొలి భూగర్భ పటం ఒంటిచేత్తో గీసిన విలియం స్మిత్ పుట్టిన దేశమది. ఆయన కాలువల సర్వేయరు. కాలువ తవ్వుతుంటే ఒడ్డున బయటపడ్డ పొరలు చూసి ఆ పని మొదలుపెట్టాడు. కాలువలతో బతికే గోదావరి సీమకు ఆయన కథ చెప్పనక్కర్లేదు, దానంతట అదే అర్థమవుతుంది.

మన జీఎస్‌ఐ కూడా భూకోశ్ అనే పోర్టల్‌లో దేశపు పటాలను కలిపి పెట్టింది. పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా చూడవచ్చు. 2023 డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారాన్ని కూడా ప్రారంభించారు. తరాల తరబడి అడవుల్లో, ఎండలో, జ్వరాల్లో నడిచినవాళ్ల కష్టం ఇప్పుడు ఒక తెర మీద పొరలు పొరలుగా తెరుచుకుంటుంది. ఆ సంస్థకు, పేరు బయటికి రాని ఆ నడక మనుషులకు చేతులెత్తి నమస్కరించాలి. మా కోరిక ఆ తరవాతి మెట్టు గురించి.

అది చెప్పడానికి మా మేనమామ బోరు సంగతి చెప్పాలి. దేవరపల్లికి దగ్గర్లో మెట్ట మీద ఆయనకు నాలుగెకరాలు. పొగాకు మానేసి పామాయిల్ వేద్దామని బోరు వేయించాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసే పెద్దాయన ఒకచోట ఆగాడు. కాయ నిలబడింది. తిరుచ్చెంగోడు బోరుబండి వచ్చింది. మా మామయ్యకు ఒక అలవాటుంది, దేన్నీ ఊరికే పోనివ్వడు. బండి ఒక్కో రాడ్డు దించినప్పుడల్లా గొట్టంలోంచి ఎగజిమ్మే మట్టిని గుప్పెడు తెచ్చి గట్టు మీద వరసగా కుప్ప పోశాడు. మొదట ఎర్రమట్టి. తరవాత బెల్లం రంగు ఇసుక. ఆ తరవాత గులకరాళ్లు కలిసిన తెల్లిసుక. అలా పోయి పోయి, ఒక రాడ్డు దగ్గర బండి మోత మారింది. గొట్టంలోంచి నల్లటి పొడి లేచింది.

‘‘రాయి తగిలేసిందండి బాబుగారూ. ఇంక డబ్బులు దండగ’’ అన్నాడు ఏజెంటు.

మామయ్య ఆపించేశాడు. గట్టు మీద కుప్పలు మాత్రం తీయలేదు. మేము వెళ్లేసరికి అవి వరసగా ఉన్నాయి. ఎరుపు, బెల్లం, తెలుపు, చివర మసిలాంటి నలుపు. ఆ కుప్పల వరసకు భూగర్భ శాస్త్రంలో ఒక పేరుంది, బోర్ లాగ్ అంటారు. పైన రాజమండ్రి ఇసుకరాయి, కింద రాజమండ్రి ట్రాప్. కింగ్ 1880లో రాసిన వరసే మామయ్య గట్టు మీద ఉంది. ఆ పుస్తకం ప్రకారం నల్లరాయి కింద మళ్లీ ఇసుకరాయి ఉండాలి, తిరుపతి ఇసుకరాయి, మెట్టలో నీళ్లు దాచుకునే పొర. రెండేళ్ల తరవాత పక్క చేను రైతు అప్పుచేసి, మొండికేసి, నల్లరాయిని దాటించాడు. కింద నీళ్లు పడ్డాయి. మామయ్య ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘నాకెవరూ చెప్పలేదురా’’ అన్నాడు చివరికి.

ఆ కుప్పలు మరుసటి వానకు కొట్టుకుపోయాయి. మెట్టలో ఏటా ఎన్ని బోర్లు పడతాయో, ఎన్ని గట్ల మీద ఇలాంటి వరసలు వానకు కలిసిపోతాయో ఆలోచించండి. ప్రతి బోరూ రైతు సొంత డబ్బుతో నేలను చదివిన ఒక పుట. జీఎస్‌ఐ పటం పైపైన నడిచి గీసింది. లోతు తెలియాలంటే ఈ పుటలు కావాలి. ఎన్ని అడుగులకు ఏ రంగు మట్టి వచ్చింది, ఎక్కడ రాయి తగిలింది, ఎక్కడ నీరు పడింది, తియ్యనిదా ఉప్పుదా అన్న నాలుగు మాటలు బోరుబండి వాళ్లు ఫోనులో రాసి పంపేలా చేస్తే, ఆ జాతీయ పటం ఏడాదికేడాది లోతుకు దిగుతుంది. పంపిన రైతుకు బదులుగా తన చేను కింద ఏముండవచ్చో తెలుగులో ఒక కాగితం అందాలి. రైతు ఇచ్చిన సమాచారం మళ్లీ రైతు దగ్గరికి రాకపోతే ఎవరూ రెండోసారి ఇవ్వరు.

భూకోశ్ ఇంగ్లిషులో ఉంది. అందులో రాఘవాపురాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో వెతుక్కోవాలి. రాఘవాపురం బడిలో ఏడో తరగతి పిల్లకు అది అందదు. అన్ని పొరల పేర్లూ మన ఊళ్లవే అయినప్పుడు వాటిని తెలుగులో రాయడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, శ్రద్ధ చాలు. 1941 నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగం ఉంది. కోనసీమ ఊళ్లు చాలావరకు పాత సముద్రపు ఒడ్డున మిగిలిన ఇసుక మెరకల మీద కూర్చున్నాయనీ, ఆరు వేల ఏళ్లుగా డెల్టా ఎలా ముందుకు పెరిగిందో ఆ మెరకల వరసే చెబుతుందనీ వివరించగల పెద్దలు అక్కడ పనిచేశారు. ఆ విద్య తెలుగు పుటల్లోకి రావాలి.

ఇలాంటివి అందరికీ తెరిచి పెడితే ఇసుక తవ్వేవాళ్లకూ, కొండలు తొలిచేవాళ్లకూ దారి చూపించినట్టు కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్లకు ఎక్కడ ఏముందో ఎప్పుడూ తెలుసు. డబ్బున్నవాడు కొనుక్కోగలడు. తెలియనిది ఆ కొండ కింద ఊరికి. గ్రామసభలో లేచి నిలబడి, మా చెరువుకు నీరొచ్చేది ఈ రాతి పొరలోంచి, దీన్ని తవ్వవద్దు అని పటం చూపించి అడగగలిగే రోజు వస్తే, ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

పట్టిసీమ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అదే పడవ, అదే సరంగు. ఎత్తిపోతల పథకం గొట్టాలు ఒడ్డున కనిపిస్తున్నాయి. 2015 నుంచి ఇక్కడి గోదావరి నీళ్లు 24 పంపులతో కృష్ణకు పోతున్నాయి. ఎగువన పోలవరం ప్రాజెక్టు. అక్కడ నది మధ్య ఇసుక కింద గట్టిరాయి అందడానికి కొన్నిచోట్ల 90 మీటర్ల దాకా దిగాల్సి వచ్చింది. వరద నీరు వదిలే స్పిల్‌వేను కుడి ఒడ్డు వైపు రాతి నేల మీద కట్టింది అందుకే. నీరు ఊరకుండా ఇసుకలో దింపిన డయాఫ్రం గోడ వరదల్లో దెబ్బతిని, 2025లో కొత్త గోడ మొదలుపెట్టాల్సి వచ్చింది. అంత పెద్ద కట్టడానికైనా, మా మామయ్య బోరుకైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, కింద ఏముంది అని.

సరంగు మళ్లీ అదే చోట వంపు తీసుకున్నాడు. ఈసారి అతని పక్కన పదేళ్ల కొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రి మాట్లాడకుండా గడ్డంతో నీళ్ల వైపు చూపించాడు. పిల్లవాడు తలూపాడు.

ప్రభుత్వానికి మా విన్నపం చిన్నది. గోదావరి జిల్లాల ప్రతి హైస్కూలుకూ ఆ ప్రాంతపు భూగర్భ పటాన్ని తెలుగులో, రంగుల్లో అచ్చువేసి పంపండి. రాజమహేంద్రవరం దగ్గర షీటు అంచు కనపడకుండా రెంటినీ కలిపి వేయండి. మొదటి ప్రతి రాఘవాపురం బడికి పంపండి.